సినిమా దాచింది, నవల చెప్పేసింది: '2001 ఎ స్పేస్ ఒడిస్సీ' గొడవ

ఈరోజు ఎపిసోడ్ ఒక పుస్తకం మీద. పేరు చెప్పగానే సగం మంది 'ఓ, ఆ సినిమానా' అంటారు. మిగతా సగం మంది 'అబ్బా, అది చూస్తా నిద్రపోయినాం' అంటారు. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. స్టాన్లీ కూబ్రిక్ తీసిన సినిమా గురించి కాదు నేను మాట్లాడేది. అదే పేరుతో ఆర్థర్ సి. క్లార్క్ రాసిన నవల గురించి. 1968 ఏప్రిల్‌లో సినిమా వచ్చింది, అదే ఏడాది ఒక రెండు మూడు నెలలకు నవల వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళ మధ్య ఒకటే గొడవ. ఈ నవల చదవాలా, వద్దా?

ఇది మామూలు 'బాగుందా, బాగలేదా' గొడవ కాదు. చదివితే సినిమా చెడిపోతుందని ఒక వర్గం. చదవకపోతే సినిమా సగమే చూసినట్టని ఇంకో వర్గం. నేను ఆ నవల పక్షం. ఎందుకో చెప్తా. కానీ అవతలివాళ్ళ మాట కూడా గట్టిదే, దాన్నీ పక్కన పెట్టను.

ముందే చెప్తా ఉన్నా, ఇది ఫుల్ స్పాయిలర్ ఎపిసోడ్. సినిమా చూడకుండా ఉంటే ఇక్కడే పాజ్ కొట్టి, చూసి రండి. రెండు గంటల ఇరవై నిమిషాలు. ఫోన్ పక్కన పెట్టి చూడండి. మొదటి ఇరవై అయిదు నిమిషాలు ఒక్క డైలాగ్ ఉండదు, కంగారు పడొద్దు, మీ ఇయర్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి.

సరే. మనకు 'వెండితెర నవల' అని ఒకటి ఉండేది, మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. సినిమా కథను నవలలాగా రాసి పుస్తకం వేసేవాళ్ళు. ముళ్ళపూడి వెంకటరమణ గారంతటి ఆయన కూడా వెండితెర నవలలు రాశారు. టీవీ లేదు, ఓటీటీ లేదు. థియేటర్ నుంచి సినిమా వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ సినిమాను ఇంటికి తెచ్చుకునే దారి ఆ పుస్తకమే. ముందు సినిమా, తర్వాత పుస్తకం. లేకపోతే ముందు నవల, తర్వాత సినిమా. మనకు తెలిసినవి ఈ రెండే.

2001 ఈ రెండిట్లోనూ ఇమడదు. 1964లో కూబ్రిక్, క్లార్క్ న్యూయార్క్‌లో కలిశారు. మంచి సైన్స్ ఫిక్షన్ సినిమా ఒకటి తీద్దామనుకున్నారు. స్క్రిప్ట్ రాయడం బోర్, కాబట్టి ముందు ఇద్దరం కలిసి నవల రాద్దాం, దాన్నుంచి స్క్రిప్ట్ తీద్దాం అని ప్లాన్. క్లార్క్ అప్పటికే రాసిన 'ది సెంటినెల్' అనే చిన్న కథ విత్తనం. చంద్రుడి మీద మనుషులకు ఒక వస్తువు దొరుకుతుంది, దాన్ని ఎవరో ఎప్పుడో అక్కడ పెట్టి పోయారు. అదొక అలారం లాంటిది. మనం దాన్ని ముట్టుకునేంత ఎదిగామని అవతలివాళ్ళకు తెలిసిపోతుంది. అంతే కథ.

కానీ ప్లాన్ ప్లాన్‌లాగా నడవలేదు. నవల రాస్తా ఉంటేనే సినిమా షూటింగ్ మొదలైంది. సీన్ మారితే చాప్టర్ మారుతుంది, చాప్టర్ మారితే సీన్ మారుతుంది. ఇక్కడ ఒక ఎడిట్, అక్కడ ఒక ఎడిట్. గిట్ తెలిసినవాళ్ళకు చెప్పాలంటే, ఒకే రిపో, రెండు బ్రాంచ్‌లు, చివరిదాకా మెర్జ్ కాలేదు. నవల రెడీ అయినా కూబ్రిక్ త్వరగా ఓకే చెప్పలేదు. అప్పుల్లో ఉన్న క్లార్క్ ఎదురుచూస్తా కూర్చోవాల్సి వచ్చింది. ఆఖరికి సినిమా ముందొచ్చింది, పుస్తకం వెనకొచ్చింది, నవల రచయితగా క్లార్క్ పేరు ఒక్కటే పడింది.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. సినిమా ఏమీ చెప్పదు. నల్లటి పలక ఒకటి కోతిమనుషుల మధ్య నిలబడి ఉంటుంది. ఎవరు పెట్టారు? చెప్పదు. హాల్ అనే కంప్యూటర్ షిప్‌లో మనుషులను చంపడం మొదలుపెడుతుంది. ఎందుకు? చెప్పదు. ఆఖర్లో హీరో ఒక వింత గదిలో ముసలివాడై, ఆ తర్వాత శిశువై తేలుతాడు. ఏంటిది? అస్సలు చెప్పదు. మొదటి షోల నుంచే చాలామంది మధ్యలో లేచి వెళ్ళిపోయారు. కూబ్రిక్ తర్వాత దాదాపు 19 నిమిషాలు కత్తిరించాడు, కానీ వివరణ మాత్రం ఒక్క నిమిషం కూడా కలపలేదు. నవల అయితే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్తుంది. శుభ్రంగా, ఓపిగ్గా, లెక్కల మాస్టారు బోర్డు మీద రాసినట్టు.

మా ఊరి భాషలో చెప్తా. పుత్తూరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కట్టు. కాలు విరిగినా చెయ్యి విరిగినా ఎక్కడెక్కడి నుంచో బస్సెక్కి ఇక్కడికి వస్తారు. నవలను ఇష్టపడని వర్గం అనేది ఏంటంటే, క్లార్క్ ఈ సినిమాకు పుత్తూరు కట్టు కట్టాడు, కానీ సినిమా కాలు విరగనే లేదు! విరగని కాలికి కట్టు కడితే ఏమవుతుంది? బాగా నడిచేవాడు కుంటుతాడు. ఆ సినిమా బలమే తెలియకపోవడంలో ఉంది, నువ్వు తెలిసేలా చేస్తే ఇంకేముంది అని.

ఇది బలమైన మాట. ఈరోజు ఇంకా బలమైన మాట. ఎందుకంటే మనం 'ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్' కాలంలో ఉన్నాం. సినిమా టైటిల్స్ పడకముందే ఫోన్ తీసి వెతుకుతాం. అర్థం కాకపోవడం అనేది పది నిమిషాలు కూడా మనతో ఉండదు. అంటే ఈ నవల మీద వాదన నిజానికి మన మీద వాదన. జవాబు దొరికితే మనం పెద్దవాళ్ళమవుతామా, చిన్నవాళ్ళమవుతామా?

నేనేమంటానంటే, అది ఎలాంటి జవాబు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడు జవాబులూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, పలక. నవల మొదట్లో అది నల్లగా ఉండదు, తెలుసా? పారదర్శకంగా, గాజు దిమ్మెలాగా ఉంటుంది. దాంట్లోంచి చప్పుడు వస్తుంది, వెలుగులు, బొమ్మలు వస్తాయి. చుట్టూ కోతిమనుషులు మైమరిచి నిలబడతారు. అది వాళ్ళను ఒక్కొక్కరినీ పరీక్ష చేస్తుంది. నువ్వు ఈ వేలితో ముడి వెయ్యి, నువ్వు ఈ రాయి విసురు. ఎవరు నేర్చుకోగలరు, ఎవరు నేర్చుకోలేరు అని చూసి పెట్టుకుంటుంది. మూన్-వాచర్ అనే ఒకడికి, బాగా తిని కడుపు నిండిన ఒక కుటుంబాన్ని చూపిస్తుంది. తన ఆకలి మీద వాడికి మొదటిసారి అసంతృప్తి పుడుతుంది. అది చదివినప్పుడు నాకు చెయ్యి ఆగిపోయింది. నేను ఫోన్‌లోనే చదువుతా ఉన్నా! వెలిగే పలక, కదిలే బొమ్మలు, ఇంకొకరి నిండైన బతుకును చూపించి మన బతుకు మీద మనకే అసంతృప్తి పుట్టించడం. 1968 పుస్తకంలో ఇది ఉంది. సినిమాలోని నల్ల పలక గొప్పదే, కాదనను. కానీ ఈ మాట దాంట్లో లేదు.

చంద్రుడి మీద దొరికే పలక మాత్రం నవల్లోనూ నల్లదే. దాని కొలతలు 1, 4, 9 నిష్పత్తిలో ఉంటాయి. 1, 2, 3 వర్గాలు. అంటే మీకు వెంటనే 'ఎవరో కావాలని చేశారు' అని తెలిసిపోతుంది. ఎవరో మాత్రం తెలీదు. చూశారా, జవాబు చెప్పాడు, కానీ ప్రశ్న పెద్దదైంది.

రెండోది హాల్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినోడ్ని, ఇది మా ఏరియా.

సినిమా చూసి చాలామంది హాల్‌ను విలన్ అనుకుంటారు. కంప్యూటర్‌కు తెలివి ఎక్కువై, మనిషి మీద తిరగబడిందని. నవల ఏం చెప్తుందంటే, హాల్‌కు పిచ్చి పట్టలేదు, పట్టించారు. దానికి ఇచ్చిన మొదటి రిక్వైర్‌మెంట్: ఉన్న సమాచారాన్ని ఉన్నట్టు చెప్పాలి, దాచకూడదు, మార్చకూడదు. తర్వాత, ప్రయాణం మొదలయ్యే ముందు ఇంకో రిక్వైర్‌మెంట్ పైనుంచి వచ్చింది: షిప్‌లో మెలకువగా ఉన్న ఇద్దరు, బౌమన్, పూల్, వీళ్ళకు అసలు పని ఏంటో చెప్పొద్దు. మీరు వెళ్ళేది ఆ పలక పంపిన సిగ్నల్ వెనకాల అని చెప్పొద్దు. నిద్రాణంగా పడుకోబెట్టిన ముగ్గురు సైంటిస్టులకు నిజం తెలుసు. హాల్‌కు తెలుసు. మెలకువగా ఉన్నవాళ్ళకే తెలీదు.

నిజమే చెప్పు. ఈ నిజం చెప్పకు. రెండూ టాప్ ప్రయారిటీ. ఐటీలో ఉన్నవాళ్ళు ఇప్పుడు నవ్వుకుంటా ఉంటారు. క్లయింట్‌తో అంతా ఓపెన్‌గా ఉండు అంటారు, ఆ ఒక్క విషయం మాత్రం కాల్‌లో ఎత్తొద్దు అంటారు. మనిషి అయితే ఏం చేస్తాడు? అటో అబద్ధం, ఇటో సర్దుబాటు, సాయంత్రం టీ తాగి మర్చిపోతాడు. హాల్‌కు టీ లేదు, మర్చిపోవడం లేదు. అబద్ధం అలవాటు లేని మనసు అది. లోపల నలిగి నలిగి తప్పులు చేయడం మొదలుపెడుతుంది. ఏ తప్పు? భూమితో మాట్లాడే యాంటెన్నా యూనిట్ పాడవుతుందని చెప్తుంది. అది పాడవదు. ఎందుకు యాంటెన్నానే? ఎందుకంటే తనకు ఈ నలుగుడు పెట్టింది భూమి. ఆ లింక్ తెగిపోతే ఈ బాధ ఉండదు. ఇది చదివినప్పుడు నాకు కంప్యూటర్ గురించి చదివినట్టు లేదు. ఇంటి నుంచి వచ్చే ఫోన్ ఎత్తడం మానేసిన కుర్రాడి గురించి చదివినట్టుంది.

ఆ తర్వాత వాళ్ళు హాల్‌ను డిస్‌కనెక్ట్ చేస్తామంటారు. మనకు నిద్రంటే తెలుసు, పొద్దున్నే లేస్తామని తెలుసు. ఎప్పుడూ నిద్రపోని దానికి డిస్‌కనెక్ట్ అంటే చావే. అప్పుడే చంపడం మొదలవుతుంది.

ఇది తెలిశాక సినిమా చెడిందా? నేనైతే మళ్ళీ సినిమా చూశాను. ఆ ఎర్ర కన్ను అదే. ఆ మెత్తని గొంతు అదే. మొదటిసారి భయమేసింది, రెండోసారి జాలేసింది. ఒకే సీన్‌కు రెండు ప్రాణాలొచ్చాయి. పోయిందేమీ లేదు.

ఇంకో మాట. ఇవాళ మనం రోజూ మాట్లాడే ఏఐ చాట్‌బాట్‌ల వెనక కూడా మనకు కనపడని ఇన్‌స్ట్రక్షన్లు ఉంటాయి. అదేం రహస్యం కాదు. కాబట్టి 'మెషిన్ మంచిదా చెడ్డదా' అనే ముందు 'దానికి ఎవరు, ఏ రెండు ఒకదానికొకటి పడని పనులు చెప్పారు' అని అడగాలి. ఈ ప్రశ్న సినిమా మీకు ఇవ్వదు. నవల ఇస్తుంది. బగ్ మెషిన్‌లో లేదు, స్పెసిఫికేషన్‌లో ఉంది.

ఒక చిన్న సరదా విషయం. నవల్లో హాల్‌కు మొదటి పాఠాలు చెప్పిన గురువు పేరు డాక్టర్ చంద్ర. సినిమాలో ఆ గురువు లాంగ్లీ. నవల్లో హాల్ పుట్టింది 1997లో, సినిమాలో 1992లో. రెండు బ్రాంచ్‌లు అన్నాను కదా, ఇదిగో.

మూడోది ఆ గది. ఇది చెప్పాలనే ఈ ఎపిసోడ్ పెట్టుకున్నా.

బౌమన్ ఎక్కడో, ఏ నక్షత్రాల అవతలో దిగుతాడు. తలుపు తీస్తే ఎదురుగా ఒక హోటల్ గది. సినిమాలో అది పాతకాలపు రాజభవనంలా, చల్లగా, వింతగా ఉంటుంది. నవల్లో మామూలు హోటల్ గది. టేబుల్ మీద ఫోన్ ఉంది. ఎత్తితే చప్పుడు లేదు. పక్కన వాషింగ్టన్ టెలిఫోన్ డైరెక్టరీ ఉంది. తెరిస్తే లోపల అన్నీ తెల్ల కాగితాలు. వంటగదిలో తెలిసిన బ్రాండ్ల తిండి ప్యాకెట్లు ఉన్నాయి. ఏ ప్యాకెట్ చించినా, ఏ డబ్బా తెరిచినా లోపల ఒకే రకం నీలం పదార్థం. పైన అట్ట కరెక్ట్, లోపల సరుకు మాత్రం వాళ్ళకు తెలీదు.

ఎందుకు? బౌమన్ టీవీ పెడతాడు. ప్రోగ్రాములన్నీ రెండేళ్ళ నాటివి, అంటే చంద్రుడి మీద పలక దొరికిన రోజుల నాటివి. ఛానెల్ మారుస్తా ఉంటే ఒక డ్రామాలో ఇదే గది కనిపిస్తుంది! ఎవరో మన టీవీ సిగ్నల్స్ పట్టుకుని, మనిషి వస్తే ఇబ్బంది పడకూడదని, టీవీలో చూసిన గదిని కట్టి పెట్టారు. కెమెరాకు కనిపించినంత మేరకు అన్నీ ఉన్నాయి. కెమెరాకు కనిపించనిది ఏదీ లేదు.

ఇప్పుడు చెప్పండి, వివరించాడు కదా, భయం తగ్గిందా? నాకు పెరిగింది. మనల్ని ఎంతో ప్రేమగా, ఎంతో జాగ్రత్తగా, పూర్తిగా తప్పుగా అర్థం చేసుకున్నవాళ్ళ ఆతిథ్యం అది. ఒక మనిషి పోస్టులన్నీ చూసి, వాడి బతుకంతా తెలుసనుకుని, ఇల్లు కట్టిస్తే ఎలా ఉంటుంది? అట్ట కరెక్ట్‌గా ఉంటుంది, లోపల నీలం ముద్ద ఉంటుంది.

టీవీ సిగ్నల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఈ క్లార్క్ మనకు దూరపు మనిషి కాదు. 1956 నుంచి శ్రీలంకలోనే ఉన్నాడు, 2008లో అక్కడే పోయాడు. ఆకాశంలో ఒకే చోట నిలబడినట్టు కనిపించే ఉపగ్రహాలతో భూమంతా కమ్యూనికేషన్ ఇవ్వొచ్చని 1945లోనే వ్యాసం రాసినవాడు. 1975లో మన దేశం నాసా ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించింది, సైట్ అనే ప్రయోగం. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ఆ ప్రసారాలు చూడమని ఇస్రో వాళ్ళు కొలంబోలో క్లార్క్ ఇంటికి కూడా ఒక డిష్ పెట్టించారు. అంటే మన పల్లె జనం, ఈ నవల రాసినాయన, ఒకే ఆకాశం నుంచి ఒకే బొమ్మలు చూశారు. ఆ గది సీన్ చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

సరే, నవల్లో లోపాలు లేవా? ఉన్నాయి. బౌమన్, పూల్ ఇద్దరూ మనుషుల్లా కాదు, మాన్యువల్ చదివిన మనుషుల్లా ఉంటారు. ఆడవాళ్ళు దాదాపు లేరు. షిప్‌లో ఏ పరికరం ఎలా పనిచేస్తుందో పేజీలకు పేజీలు చెప్తాడు. కథ కావాలనేవాళ్ళకు అది విసుగే. నక్షత్రాల ద్వారం గుండా వెళ్ళే ఘట్టం సినిమాలో రంగుల వరద, నవల్లో అదే టూర్ గైడ్ చెప్పినట్టుంటుంది. అక్కడ కూబ్రిక్ గెలిచాడు, నేనే చెయ్యెత్తి ఒప్పుకుంటా.

కానీ వాస్తవాన్ని వంచే పని ఇంకొకటి ఈ నవల చేసింది, దానికి చాలామంది మార్కులు వెయ్యరు. సినిమాలో డిస్కవరీ షిప్ వెళ్ళేది గురుగ్రహానికి. నవల్లో గురుగ్రహం పక్కగా ఊపు తీసుకుని శనిగ్రహానికి, దాని చంద్రుడు ఇయాపెటస్ దగ్గరికి. శని వలయాలను తెర మీద నమ్మేలా చూపించడం అప్పుడు కుదరక సినిమావాళ్ళు గురుగ్రహం దగ్గర ఆగిపోయారు. తర్వాత 1979లో వాయేజర్ 1 గురుగ్రహం దగ్గర సరిగ్గా అలానే ఊపు తీసుకుని 1980లో శనిని చేరింది. అది అలా ఉంచండి. 1982లో క్లార్క్ రెండో భాగం '2010' రాశాడు. ఏ కథకు కొనసాగింపు? తన నవలకు కాదు, సినిమాకు! షిప్ గురుగ్రహం దగ్గరే ఉంది అని మొదలుపెట్టాడు. ఫ్యాన్స్ అడగరా? దానికి ఆయన సమాధానం ఏంటంటే, ఇవన్నీ ఒకే వరుస కథ కాదు, అవే పాత్రలతో వేరువేరు వరసలు, ఒకే విశ్వంలో జరగాలనేమీ లేదు అని. మల్టీవర్స్ అనే మాట పోస్టర్ల మీద పడక ముందే పెద్దాయన మల్టీవర్స్ పెట్టేశాడు, అదీ చాలా కూల్‌గా.

మనకిది కొత్తేమీ కాదు. రామాయణం ఎన్ని రకాలుగా విన్నాం? ఇంట్లో అవ్వ చెప్పింది ఒకటి, హరికథలో ఇంకొకటి, సినిమాలో మరొకటి. 'ఏది అసలుది' అని ఎవరూ కొట్టుకోలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు 'ఆదిత్య 369'లో టైమ్ మెషిన్‌ను 1526కు, కృష్ణదేవరాయల దగ్గరికి తీసుకుపోతే హాయిగా ఎక్కి కూర్చున్నాం. కథకు ఒకటే నిజమైన రూపం ఉండాలనే పట్టు మనకు అంతగా లేదు. అందుకే ఈ గొడవను మనం ఇంకొంచెం తేలిగ్గా తీర్చుకోవచ్చు. నవల సినిమాకు గైడ్ కాదు. పక్క విశ్వంలో జరిగిన ఇంకో కథ. అలా చదివితే కట్టు గొడవే ఉండదు, ఎందుకంటే అది వేరే కాలు!

ఆఖరుగా ముగింపు. సినిమాలో నక్షత్ర శిశువు భూమిని చూస్తా ఉంటుంది, అంతే. నవల్లో భూమి చుట్టూ అణుబాంబులు తిరుగుతా ఉంటాయి. శిశువు రాగానే ఒకటి దాని మీదికి లేస్తుంది, శిశువు తన ఇచ్ఛతోనే దాన్ని ఆకాశంలో పేల్చేస్తుంది. మరి అది మనల్ని కాపాడిందా, బెదిరించిందా? ఇన్ని వివరించిన క్లార్క్ ఇక్కడ మాత్రం ఆగిపోతాడు. తర్వాత ఏం చేయాలో ఆ శిశువుకే ఇంకా తెలీదు. అంతటి శక్తి వచ్చాక, దాంతో ఏం చేయాలో తెలియని ఒక పసిబిడ్డ. మొదట్లో ఎముక చేతికి దొరికిన మూన్-వాచర్ కూడా సరిగ్గా ఇదే స్థితిలో నిలబడతాడు. 'ఎలా' అన్నదానికి నవల అన్ని జవాబులూ ఇచ్చింది. 'ఇప్పుడేంటి' అన్నది మన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అందుకే నా సలహా ఇది. ముందు సినిమా చూడండి. వెంటనే ఏదీ వెతకొద్దు. ఒక వారం అర్థం కాకుండానే ఉండండి, ఏం కాదు, ఎవరూ చావలేదు. మీరే ఒక జవాబు అనుకోండి, ఫ్రెండ్‌తో వాదించుకోండి. ఆ తర్వాత నవల తెరవండి. మీ జవాబు, క్లార్క్ జవాబు పక్కపక్కన పెట్టి చూడండి. చాలా చోట్ల మీదే బాగుంటుంది, నిజంగా. పుస్తకం పెద్దది కాదు, చాప్టర్లు చిన్నవి, ఇంగ్లీషు కష్టంగా ఉండదు. రోజుకు నాలుగు చాప్టర్లు బస్సులో చదివినా రెండు వారాల్లో అయిపోతుంది.

చదివినవాళ్ళు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. హాల్ స్థానంలో మీరుంటే ఆ రెండు ఆర్డర్లలో దేన్ని తప్పేవాళ్ళు? నా జవాబు వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్తా. అప్పటిదాకా సెలవు, ఉంటా మరి.